పట్టూ విడుపూ: గేమ్ కంట్రోలర్ చేతిలో ఇమడాలంటే

(ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చేయండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కంట్రోలర్ తెచ్చుకోమని ముందే చెప్పాం, తెచ్చుకున్నారా? తెచ్చుకున్నవాళ్లు చేతిలోకి తీసుకోండి. తెచ్చుకోనివాళ్లు ఫోన్‌ని అడ్డంగా పట్టుకోండి. ఈ పూటకి అదే మీ కంట్రోలర్.

పట్టుకున్నారా? ఇప్పుడు ఏమీ మార్చకండి. ఎలా ఉన్న చేతులు అలాగే ఉంచండి. కంట్రోలర్ ఆన్‌లో లేదు. ఆట లేదు. ఎదురుగా శత్రువు లేడు, నేనొక్కణ్ణే ఉన్నాను. అయినా ముందు వరసలోనే ఇద్దరు ముగ్గురి గోళ్లు తెల్లబడి కనిపిస్తున్నాయి నాకు. చూసుకోండి ఒకసారి. గోరు కింద ఎరుపు పోయి తెలుపు వచ్చిందంటే అక్కడ రక్తం పక్కకు తప్పుకునేంత గట్టిగా నొక్కుతున్నారన్నమాట. ఏమీ ఆడకుండానే! ఇక ఆఖరి రౌండులో, ఒక్క ప్రాణం మిగిలినప్పుడు ఎలా పట్టుకుంటారో నేను చెప్పక్కర్లేదు.

దీన్నే ఉడుంపట్టు అంటాం. కోటగోడ ఎక్కడానికి ఉడుంపట్టు కావాలేమో గానీ, పావుకిలో ప్లాస్టిక్ ముక్కను చేతిలో ఉంచుకోవడానికి ఎందుకండీ? ఈ పూట నేను చెప్పేది ఒకటే మాట. దాన్నే అటు తిప్పీ ఇటు తిప్పీ చెబుతాను, విసుక్కోకండి. కంట్రోలర్‌కి మంచి గ్రిప్ ఉండాలని అందరూ అంటారు. ఎందుకు ఉండాలి? గట్టిగా పట్టుకోవడానికి అనుకుంటారు చాలామంది. వదులుగా పట్టుకోవడానికండీ! వదులుగా పట్టుకున్నా జారకుండా ఉండడానికి. పట్టూ విడుపూ అంటామే, ఆ విడుపు కోసమే ఈ పట్టు.

నమ్మకం కుదరట్లేదా? ఒక చిన్న పరీక్ష చేద్దాం. కంట్రోలర్ ఒళ్లో పెట్టుకోండి. కుడిచేతిని ముందుకు చాచి, ఎడమచేత్తో మోచేతికి కాస్త దిగువన, ముంజేతి లోపలివైపు కండను పట్టుకోండి. ఇప్పుడు కుడిచేతి పిడికిలి బిగించండి, వదలండి. మళ్లీ బిగించండి. ఎడమచేతి కింద కదులుతోంది కదా? వేళ్లను ముడిచే పెద్ద కండలు వేళ్లలో లేవు, అక్కడున్నాయి. అక్కడి నుంచి స్నాయువులు తాళ్లలా మణికట్టు గుండా వేళ్ల దాకా వెళతాయి. కంట్రోలర్‌ని పిండుతున్నంతసేపూ ఆ తాళ్లు బిగిసే ఉంటాయి. బిగిసిన చేతిలోంచి బొటనవేలు నాజూగ్గా కదలమంటే ఎలా కదులుతుంది? పిడికిలి బిగించి బొటనవేలిని గుండ్రంగా తిప్పండి. తర్వాత పిడికిలి వదులు చేసి తిప్పండి. తేడా తెలిసిందా? మీ గురి తప్పడానికి సగం కారణం అదే.

ఇంకొకటి. ఇది సరదాగా ఉంటుంది. మణికట్టును పూర్తిగా లోపలికి, అరచేయి మీ ముంజేతిని చూసేలా వంచండి. వంచి అలాగే ఉంచి, పిడికిలి గట్టిగా బిగించండి. రావట్లేదు కదా! ఆ తమ్ముడు ముఖమంతా బిగించాడు గానీ పిడికిలి మాత్రం బిగియలేదు. తాళ్లు ఒక పక్క వదులైపోయాయి, వెనక పక్క బిగుసుకున్నాయి, అంతే. మణికట్టు కొంచెం వెనక్కి, చాలా కొంచెం, వాలి ఉన్నప్పుడు పట్టుకు బలం ఎక్కువ. సోఫాలో కూలబడి, కంట్రోలర్‌ని పొట్టమీద ఆనించి, మణికట్లు లోపలికి మడిచి ఆడేవాళ్లు ఎంతమంది? చేతులెత్తక్కర్లేదు, నాకు తెలుసు. ఆ భంగిమలో అదే పట్టు కోసం రెట్టింపు శ్రమ పడుతున్నారు. మీ కంట్రోలర్‌కి ఏ తొడుగూ, ఏ టేపూ వేయకముందే ముంజేతుల్ని తొడల మీదో, ఒళ్లో దిండు మీదో ఆనించి చూడండి. పైసా ఖర్చు లేదు. ఈ ఒక్కదాంతోనే సమస్య తీరిపోయి, నా మిగతా ప్రసంగం అక్కర్లేకుండా పోయేవాళ్లు కూడా మీలో ఉంటారు. అయినా లేచి వెళ్లకండి.

సరే. ఇప్పుడు కంట్రోలర్ మళ్లీ తీసుకోండి. మీకు పది వేళ్లున్నాయి. వాటిలో దాన్ని పట్టుకునేవి ఎన్ని, ఆడేవి ఎన్ని? లెక్కపెట్టండి.

1956లో జాన్ నేపియర్ అనే బ్రిటిష్ వైద్యుడు చేతి కదలికల మీద ఒక వ్యాసం రాశాడు. మనిషి పట్టును రెండు రకాలుగా విడదీశాడు. సుత్తిని పట్టుకున్నట్టు, వేళ్లన్నీ అరచేతికి చుట్టి పట్టుకునేది బలం పట్టు. కలాన్నో సూదినో పట్టుకున్నట్టు, వేలి కొసలతో పట్టుకునేది నేర్పు పట్టు. ఏ పనికైనా మనం ఎక్కువగా రెంటిలో ఒకటి ఎంచుకుంటాం. కంట్రోలర్ దగ్గర వచ్చిన చిక్కేమిటంటే అది రెండూ ఒకేసారి అడుగుతుంది, అదీ ఒకే చేతితో. మధ్యవేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు సుత్తి పట్టాలి. అదే చేతి బొటనవేలు, చూపుడువేలు సూదిలో దారం ఎక్కించాలి. రెండు చేతులా కలిపితే ఆరు వేళ్లు మోసేవి, నాలుగు ఆడేవి.

పాత కంట్రోలర్లలో ఈ ఆరు వేళ్లకు చోటే లేదు. 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఆట యంత్రం ఫ్యామికామ్, ఆ తర్వాత బయటి దేశాలకు వెళ్లిన ఎన్‌ఈఎస్, వాటి కంట్రోలర్ గుర్తుందా? చదునైన దీర్ఘచతురస్రం. ఎన్‌ఈఎస్‌దైతే మూలలు పదునుగా ఉండేవి. ఆడినంతసేపూ ఆ మూలలు అరచేతిలో గుచ్చుకునేవి. 1990లో సూపర్ ఫ్యామికామ్ దగ్గరికొచ్చేసరికి అంచులు గుండ్రమయ్యాయి, ఎముక ముక్క ఆకారం వచ్చింది. 1994లో సోనీ వాళ్ల ప్లేస్టేషన్ వచ్చాకే అసలు పిడులు దిగాయి. తేయూ గోటో అనే డిజైనర్ పని అది. అప్పటికి జనం చదునైనదానికే అలవాటుపడ్డారు, కాబట్టి ఈ పిడులు వద్దని కంపెనీలోనే అభ్యంతరాలొచ్చాయి. అధ్యక్షుడు నోరియో ఓగా పిడులున్న నమూనా వైపే నిలబడ్డాడు. ఇప్పుడు మీ చేతుల్లో ఉన్నవాటిని చూడండి. పిడి లేనిది ఒక్కటైనా ఉందా? ఫోన్లు పట్టుకున్నవాళ్లు తప్ప. మీకు వేళ్లు ఎందుకు నొప్పెడుతున్నాయో ఈపాటికి తెలిసే ఉంటుంది.

పిడులొచ్చాయి కదా అని అన్నీ చక్కబడ్డాయా? లేదు. 2001లో మొదటి ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ వచ్చింది. దానికి జనం పెట్టుకున్న పేరు డ్యూక్. పెద్ద చేతులవాళ్లు ఇప్పటికీ ప్రేమగా తలుచుకుంటారు. చిన్న చేతులవాళ్లకు మాత్రం బొటనవేలు బటన్‌కు అందాలంటే పట్టు సడలించాల్సి వచ్చేది. జపాన్ కోసమని చిన్న సైజులో ఇంకొకటి చేశారు. తర్వాత అన్నిచోట్లా అదే నిలిచింది. నేను చెప్పొచ్చేదేమిటంటే, ఫలానా కంట్రోలర్ మంచిదా చెడ్డదా అని అడగడంలో అర్థం లేదు. ఎవరి చేతికి? అది అడగాలి.

మీ చేతికి సరిపోయిందో లేదో ఇప్పుడే చూసుకోండి. పిడి చుట్టూ మూడు వేళ్లూ మామూలుగా చుట్టండి. మధ్యవేలి కొస మీ అరచేతినే తాకుతోందా? అయితే పిడి మీకు సన్నం. లావు చెయ్యాలి. చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీద, అంటే కంట్రోలర్ ముందు అంచున ఆ వేలితో నొక్కే మీట మీద, కూర్చోవడానికి అరచేయి జరుగుతోందా? అయితే లావు. దీనికి ఇంకేమీ చుట్టకండి, ఇంకాస్త సన్నటి కంట్రోలర్ వెతుక్కోండి. అన్ని రోగాలకూ ఒకటే మందులాగా ఎవరికి పడితే వాళ్లకు సిలికాన్ తొడుగు అంటగడుతుంటారు. చిన్న చేతులవాళ్లకు అది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

చెమట సంగతి

ఇక్కడ కాసేపు ఆగుతాను. నాకిష్టమైన భాగం ఇది.

1984లో స్వీడన్‌లో రోలాండ్ యోహాన్సన్, యోరాన్ వెస్ట్‌లింగ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ఒక చిన్న వస్తువును రెండు వేళ్లతో పట్టుకుని పైకెత్తమన్నారు. వేళ్లు తగిలే చోట ఒకసారి గరుకు కాగితం, ఒకసారి మెత్తటి తోలు, ఒకసారి పట్టుబట్ట పెట్టారు. వస్తువు బరువు అదే. మరి వేళ్లు ఎంత బలంగా నొక్కాయి? గరుకు కాగితానికి తక్కువ, తోలుకు కాస్త ఎక్కువ, పట్టుబట్టకు అన్నిటికన్నా ఎక్కువ. మన భాషలో తమాషా చూడండి, పట్టు అన్నా పట్టే, పట్టు అన్నా పట్టే. కానీ పట్టుకే పట్టు లేదు!

అందులో నన్ను కట్టిపడేసిన విషయం వేరే ఉంది. ఎంత నొక్కాలో ఆ మనుషులు ఆలోచించి నిర్ణయించుకోలేదు. తాకిన సెకనులో పదోవంతుకల్లా వేళ్లే లెక్క సరిచేసుకున్నాయి. జారకుండా ఆపడానికి కనీసం ఎంత బలం కావాలో, దానికి కాస్త పైన, భద్రత కోసం కొంచెం ఎక్కువ, అంతే. వేళ్లకు మత్తుమందిచ్చి స్పర్శ లేకుండా చేస్తే ఆ లెక్క పోయింది. అంటే ఏమిటి? మీ చేయి మూర్ఖంగా పిండట్లేదు. జారుతోందని దానికి అనుమానమొచ్చింది, అందుకని పిండుతోంది. "వదులుగా పట్టుకో, వదులుగా పట్టుకో" అని మీకు మీరు నూటొక్కసార్లు చెప్పుకోండి, ఆట మొదలైన రెండు నిమిషాలకు చేయి మళ్లీ బిగుసుకుంటుంది. చేతికి చెప్పి లాభం లేదు. జారని ఉపరితలం ఇవ్వండి, దానంతట అదే వదులవుతుంది.

చేతులు చల్లబడితే వేళ్లకు స్పర్శ తగ్గుతుంది. అప్పుడూ ఎక్కువ పిండుతాం. గంటసేపు రంబుల్, అదే ఆటలో దెబ్బ తగిలినప్పుడల్లా కంట్రోలర్‌లో వచ్చే అదురు, అదిరాక వేళ్లు తిమ్మిరెక్కితే అప్పుడూ అంతే. రంబుల్‌ని సెట్టింగ్స్‌లో సగానికి తగ్గించి చూడండి, చాలా ఆటల్లో ఆ వీలుంటుంది.

మరి చెమట? అరచేతి చెమటకు వేడి ఒక్కటే కారణం కాదు. టెన్షన్ ముఖ్యమైన కారణం. చల్లటి గదిలో కూర్చున్నా ఆఖరి రౌండులో చేతులు తడుస్తాయి, ఫ్యాను పెంచినా ఆగదు. ఇందులో ఇంకో మెలిక ఉంది. కొంచెం తడి ఉంటే చర్మానికి పట్టు పెరుగుతుంది. పుస్తకం పేజీ తిప్పడానికి వేలు తడి చేసుకుంటాం కదా, అదే. పూర్తిగా తడిస్తే మాత్రం జారుతుంది. పొడిగా ఉన్నా జారుడే, తడిగా ఉన్నా జారుడే, మధ్యలో ఎక్కడో ఉంది మంచి చోటు. అందుకే నున్నటి ప్లాస్టిక్ ఆట మొదట్లో బాగున్నట్టనిపించి, అరగంటకు చేపలా జారుతుంది.

దీనికి కంపెనీలు ఏం చేశాయి? 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5 కంట్రోలర్ డ్యూయల్‌సెన్స్‌ను దగ్గరగా, భూతద్దం పెట్టి చూడండి. వెనకవైపు గరుకుగా తగిలేదంతా బుల్లి బుల్లి చతురస్రాలు, త్రిభుజాలు, వృత్తాలు, ఇంటూ గుర్తులు. వాళ్ల నాలుగు బటన్ల బొమ్మలే. ఎంత ముచ్చటగా ఉందో! అదే ఏడాది వచ్చిన ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లో ట్రిగ్గర్ల మీద, వెనక పిడుల మీద చుక్కలు పొదిగారు. చెమట ఆ సందుల్లోకి పోతుంది, చర్మం చుక్కల కొసల మీద ఆనుతుంది. ఇవి అరిగి నున్నబడ్డాక కంట్రోలర్ మళ్లీ జారడం మొదలవుతుంది.

పాత కంట్రోలర్ జిడ్డుగా మెరుస్తుంటుంది కదా, ఆ జిడ్డు ఎక్కడిది? "నా చేతులదే" అంటారు. అరచేతిలో నూనె గ్రంథులు లేవండీ! చెమట గ్రంథులు దండిగా ఉన్నాయి, నూనె గ్రంథి ఒక్కటి కూడా లేదు. ఆ జిడ్డు మీ ముఖానిది, జుట్టుది. ఓడిపోయినప్పుడు నుదురు పట్టుకుంటారు కదా, అప్పుడు అంటింది. ఆడేముందు సబ్బుతో చేతులు కడుక్కుని బాగా తుడుచుకోవడం, వారానికోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్దిన గుడ్డతో పిడులు తుడవడం, ఇవి రెండూ చేస్తే సగం గ్రిప్ తిరిగొస్తుంది. కంట్రోలర్ ఆపేసి తుడవండి. ద్రవాన్ని దాని మీద నేరుగా చల్లకండి, గుడ్డ మీదే. పౌడర్ మాత్రం వద్దు. ఎవరో వీడియోలో చూసి చేతులకు పౌడర్ రాసుకుని ఆడినవాళ్ల కంట్రోలర్లు నా దగ్గరికి రిపేరుకొచ్చాయి. బొటనవేలితో అటూ ఇటూ తోసే స్టిక్ కింద తెల్లటి పేస్టు. ఇంకేం చెప్పను!

పట్టు జారితే ఏమవుతుందో ప్రపంచమంతా చూసిన సంగతి ఒకటుంది. 2006లో నింటెండో వాళ్ల వీ అనే ఆట యంత్రం వచ్చినప్పుడు గుర్తుందా? చేత్తో ఊపి ఆడేది. జనం ఉత్సాహంగా ఊపారు, చెమట చేతుల్లోంచి రిమోట్ ఎగిరింది, మణికట్టు తాడు తెగింది, టీవీలు పగిలాయి. ఆ డిసెంబరులోనే కంపెనీ తాడు మార్చింది. 0.6 మిల్లీమీటర్ల దారాన్ని 1 మిల్లీమీటరు చేసింది. మరుసటేడు మెత్తటి సిలికాన్ జాకెట్ ఉచితంగా పంపింది. తాడు పడిపోయేదాన్ని ఆపుతుంది, జాకెట్ జారడాన్నే తగ్గిస్తుంది. నన్నడిగితే జాకెట్టే ముందు రావాల్సింది.

వెంట్రుకవాసి

ఇప్పుడు నా సొంత కథ. నా దగ్గరొక కంట్రోలర్ ఉండేది. ఏ కంపెనీదో చెప్పను, అడక్కండి. ఆడటం మొదలుపెట్టిన గంటకల్లా కుడిచేతి ఉంగరపువేలి మొదట్లో మంట. మొదట నా చెయ్యి తప్పనుకున్నాను. తర్వాత కుర్చీ తప్పనుకున్నాను. ఆ తర్వాత వయసు తప్పనుకున్నాను, అదైతే ఇంకా బాధగా ఉంటుంది. చివరికి సిలికాన్ తొడుగు కొని వేశాను. అది ఇంకో తలనొప్పి తెచ్చింది. తొడుగుకూ ప్లాస్టిక్‌కూ మధ్య చెమట చేరి, తొడుగే కంట్రోలర్ మీద జారడం మొదలెట్టింది. అంతకుముందు ఒక జారుడు, ఇప్పుడు రెండు జారుళ్లు. పిడి లావైపోయి ట్రిగ్గర్ అందడం మానేసింది. అప్పుడు నేనేం చేశాను? ఇంకా గట్టిగా పట్టుకున్నాను!

ఎనిమిది నెలలండీ. ఒకరోజు తొడుగు తీసేసి గుడ్డతో తుడుస్తుంటే ఆ గుడ్డలో ఒక పోగు ఎక్కడో తట్టుకుంది. మళ్లీ తుడిచాను, మళ్లీ అక్కడే తట్టుకుంది. వేలితో తడిమితే పెద్దగా తెలియదు. గోరు అడ్డంగా గీస్తే టక్కుమంటుంది. కంట్రోలర్ పైచిప్ప, కిందిచిప్ప కలిసే అతుకు అది. కిందిచిప్ప అంచు వెంట్రుకవాసి బయటికి పొడుచుకొచ్చింది. సరిగ్గా ఉంగరపువేలి మొదట్లో. చూస్తే కనపడదు, గంటసేపు ఆనితే కత్తి.

స్క్రూలు విప్పి, చిప్పల్ని బోర్డు నుంచి వేరుచేసి, 400 నంబరు గరుకు కాగితం తడిపి రెండు నిమిషాలు, 600తో రెండు నిమిషాలు రుద్దాను. కడిగి, ఆరబెట్టి, బిగించాను. మంట పోయింది. ఈరోజుకీ రాలేదు. ఎనిమిది నెలల బాధకు నాలుగు నిమిషాల మందు.

మీరూ చేద్దామనుకుంటే రెండు జాగ్రత్తలు. చిప్పలు విప్పకుండా రుద్దకండి, ఆ పొడి స్టిక్‌లోకి పోతుంది. 600 దాటి వెళ్లకండి. నున్నగా మెరవాలని 2000 దాకా రుద్దేస్తే అతుకు పోతుంది గానీ అక్కడ పట్టు కూడా పోతుంది. ఇక వారంటీ ఉన్నవాళ్లు విప్పేముందు ఒకసారి ఆ కాగితం చదువుకోండి. అన్నిటికన్నా ముందు గోటి పరీక్ష చేయండి. ఇప్పుడే చేయండి, పిడి చుట్టూ గోరు నడపండి. తట్టుకుందా? ఆ, అక్కడ ఒక చెయ్యి లేచింది. మాట్లాడదాం తర్వాత.

చుట్టడం, అతికించడం గురించి. గరుకు స్టిక్కర్లు దొరుకుతాయి, మోడల్ వారీగా కోసినవి. చిన్న చేతులవాళ్లకు ఇవే మంచివి, ఎందుకంటే పిడి పెద్దగా లావెక్కదు. అతికించేముందు ఆల్కహాల్‌తో జిడ్డు తుడవాలి, అది ఆరాలి. ఇది చెయ్యకే నెలకు అంచులు లేస్తాయి, స్టిక్కర్ మంచిది కాదంటారు. మధ్య నుంచి అంచులకు నొక్కుకుంటూ రండి. వంపుల దగ్గర హెయిర్ డ్రయర్‌తో కాస్త వేడిచేస్తే మాట వింటుంది. చెమట బాగా పట్టే పెద్ద చేతులవాళ్లకు నేను చెప్పేది టెన్నిస్ రాకెట్ మీద చుట్టే ఓవర్‌గ్రిప్ టేపు. సన్నం, మెత్తన, చెమట పీలుస్తుంది. చూడ్డానికి కంట్రోలర్‌కి కట్టు కట్టినట్టుంటుంది, నిజమే. మెరుపు రాగానే విప్పేసి కొత్తది చుట్టుకోవాలి.

మెత్తటి రబ్బరు పూత వేసిన కంట్రోలర్లుంటాయి. చేతిలోకి తీసుకోగానే ఆహా అనిపిస్తాయి. ఆ పూతల్లో చాలావాటిని గాలిలో తేమ నెమ్మదిగా తినేస్తుంది. కొత్తలో మఖమల్, కొన్నేళ్లకు జిగురు. మీ అటకమీద పాత టార్చిలైటో రేడియోనో అలా జిగటగా తయారై ఉంటుంది చూడండి, అదే జబ్బు. నేనైతే పూత కన్నా ప్లాస్టిక్‌లోనే అచ్చుపోసిన గరుకును నమ్ముతాను.

బొటనవేలి దగ్గరికొద్దాం. స్టిక్ టోపీలు రెండు రకాలు, గుంటవి, బొడిపెవి. గుంటలో వేలి కొస కూర్చుంటుంది, అంచు ఆపుతుంది, నొక్కి పట్టాల్సిన పని తగ్గుతుంది. స్టిక్‌ను చాలాసేపు ఒకే వైపు తోసి ఉంచే ఆటల్లో నా ఓటు గుంటకే. ఎత్తు పెంచే టోపీలు కూడా ఉన్నాయి. ఎందుకంటే, స్టిక్ వాలే కోణం మారదు. పొడవు పెరిగితే అదే కోణానికి వేలు ఎక్కువ దూరం జరగాలి. ఎక్కువ దూరం జరిగితే గురి సన్నగా సరిచేసుకోవచ్చు. గురిపెట్టే కుడి స్టిక్‌కు బాగుంటుంది. ఎడమదానికి అక్కర్లేదు, పరుగెత్తడానికి అంత నాజూకు ఎందుకు? పైగా ఎత్తు పెరిగేకొద్దీ బొటనవేలు పైకి లేచే ఉంటుంది, దాని మొదట్లోని కీలు అలిసిపోతుంది. రెండూ ఎత్తు చేసి "వేలు పీకుతోంది" అంటే నేనేం చేయను.

స్టిక్ చేతిని ఎంత గాయపరచగలదో తెలుసా? 1996 నాటి నింటెండో 64 స్టిక్‌ను మారియో పార్టీ ఆటలో గిరగిరా తిప్పాల్సి వచ్చేది. బొటనవేలితో వేగం చాలక పిల్లలు అరచెయ్యి ఆనించి తిప్పారు, అరచేతులు బొబ్బలెక్కాయి. 2000లో న్యూయార్క్ అటార్నీ జనరల్‌తో ఒప్పందం చేసుకుని కంపెనీ పిల్లలకు చేతి తొడుగులు ఇస్తామంది. మీరే ఆలోచించండి, ఆట చేసింది హడ్సన్ సాఫ్ట్, ఆ ఆటను అమ్మిందీ కంట్రోలర్ చేసిందీ నింటెండో. ఆ ఇద్దరూ ఒక సాయంత్రం కూర్చుని కలిసి ఆడి ఉంటే తొడుగుల దాకా వచ్చేదా?

వెనక బటన్లు, అదే ప్యాడిల్స్. బొటనవేలు స్టిక్ వదలకుండా దూకడానికీ, తుపాకీ మార్చడానికీ పనికొస్తాయి. అవి లేనివాళ్లు చూపుడువేలిని గద్దగోరులా వంచి ముందు బటన్లు నొక్కుతారు. ఆ పట్టు గెలిపిస్తుందేమో గానీ వేలిని వంచే ఉంచుతుంది. అందుకని ప్యాడిల్స్ మంచివే. కానీ ఇందాకటి లెక్క గుర్తు తెచ్చుకోండి. ఆరు వేళ్లు మోసేవి, నాలుగు ఆడేవి. ప్యాడిల్ పెట్టగానే మోసే వేలికి ఆట పని కూడా పడింది. కంట్రోలర్‌ని పిండే అలవాటున్నవాళ్లకు వద్దన్నప్పుడల్లా ప్యాడిల్ నొక్కుకుంటుంది. "ఈ ప్యాడిల్స్ పనికిరావు" అని తీసేస్తారు. ముందు జారుడు తగ్గించుకుని, పట్టు సడలాక, అప్పుడు ప్యాడిల్స్ పెట్టుకోండి. వరస అది.

బరువు గురించి ఎక్కువ చెప్పను. ప్లేస్టేషన్ 4 కంట్రోలర్ డ్యూయల్‌షాక్ 4 సుమారు 210 గ్రాములు, డ్యూయల్‌సెన్స్ సుమారు 280. పెన్సిల్ సెల్సు వేసేవాటిలో చిన్న కిటుకుంది. మామూలు ఆల్కలైన్ సెల్ ఒకటి దాదాపు 23 గ్రాములు, లిథియం సెల్ 15 గ్రాములే. జత మారిస్తే 16 గ్రాములు తగ్గాయి. చేతిలో పట్టుకుని ఆడే యంత్రాల సంగతి వేరు. స్టీమ్ డెక్ మొదటి మోడల్ 669 గ్రాములు. దాన్ని గాల్లో పట్టుకుని ఆడకండి. ఒళ్లో దిండు మీద ఆనించండి, అంతే.

ఇందాక చీటీ పంపారు ఎవరో. "బొటనవేలి పక్కన మణికట్టు దగ్గర నొప్పి, గ్రిప్ మారిస్తే తగ్గుతుందా" అని. అమ్మా, మీరేనా? చూడండి, ఇది పాత సంగతే. 1990లోనే ఒక డాక్టరు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌కి ఉత్తరం రాశారు. 35 ఏళ్ల ఆవిడ, ఐదు గంటలు ఏకబిగిన నింటెండో ఆడి, బొటనవేలి నొప్పితో వచ్చిందట. ఆ నొప్పికి ఆయన పెట్టిన పేరు నింటెండినైటిస్. పేరు సరదాగా ఉంది, నొప్పి సరదా కాదు. గ్రిప్ మారిస్తే కొత్తగా రాకుండా ఉండొచ్చు. వచ్చేసిన నొప్పి నాలుగు రోజులు ఆట మానేసినా తగ్గలేదంటే, లేదా వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నేను ప్లాస్టిక్‌కే వైద్యుణ్ణి.

ఇంకొక్క మాట చెప్పి ఆపేస్తాను. ఇంతసేపూ పట్టుకోవడం గురించే మాట్లాడాను. పట్టుకోవడమే వీలుకానివాళ్ల సంగతి? 2018లో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ వచ్చింది. బల్లమీద పెడతారు. రెండు పెద్ద గుండ్రటి బటన్లు, వెనక వరసగా 3.5 మిల్లీమీటర్ల సాకెట్లు 19. కాలితో నొక్కే స్విచ్చో, గడ్డంతో నొక్కేదో, ఏది వీలైతే అది తగిలించుకోవచ్చు. 2023లో ప్లేస్టేషన్ వాళ్లూ యాక్సెస్ అని ఒకటి తెచ్చారు, అదీ బల్లమీద ఉండేదే. మోసే పని బల్లకు, ఆడే పని మనిషికి. ఆరు వేళ్ల బరువు మొత్తం దించేశారు. చేతులు బాగున్నవాళ్లు కూడా ఒక గంట దాంతో ఆడి చూడండి. తర్వాత మామూలు కంట్రోలర్ పట్టుకుంటే మీరు దాన్ని ఎంత పిండుతున్నారో అప్పుడు తెలుస్తుంది. నాకు అలాగే తెలిసింది.

సరే, ఆ బల్లమీద నాలుగు కంట్రోలర్లు పెట్టాను. ఒకటి మామూలుది, ఒకటి స్టిక్కర్లు వేసింది, ఒకటి టేపు చుట్టింది. కళ్లు మూసుకుని ఒక్కొక్కటీ పట్టుకోండి. జారుతుందనిపించేదాకా మెల్లగా వదలండి, జారబోతుండగా ఆపండి. ఏది ఎక్కువసేపు నిలబడిందో అది మీ చేతికి నచ్చినట్టు. కింద పరుపు వేశాను, పడినా ఫర్వాలేదు. ఎడమ చివర నాలుగోది ఉంది చూడండి, దాన్ని మాత్రం ముట్టుకోకండి. పిడికి సిలికాన్ పుట్టీ పొద్దున్నే పెట్టాను, గట్టిపడటానికి ఒక రోజు పడుతుంది. మీ వేలిముద్రలు పడితే ఇక జీవితాంతం మీ చేతికే సరిపోతుంది, నాకు పనికిరాదు.